ఒక పాదుకి ఒకే కాయ

రోజు 1

వదినకి గడువు చీటీ వచ్చింది. నూట పద్దెనిమిది రోజులు, అటూ ఇటూ నాలుగు. వేలి చివర తీసిన నెత్తురు చుక్క చూసి, మనిషి ఇంకెన్నాళ్లుంటాడో యంత్రం ఇంత కచ్చితంగా చెబుతుందంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు నమ్మనివాళ్లు లేరు. వదిన వైద్యశాల మెట్లు దిగి వచ్చి చీటీ నా చేతికిచ్చింది.

"సదువు. నా కళ్లకి ఆనట్లేదు."

చదివాను.

"పర్లేదు. ఆనపకి సరిపోద్ది," అంది.

మా మెట్టలో చీటీ వచ్చినవాళ్లు తమ గడువుకి సరిపడే తోడు పాదు ఒకటి పెట్టుకుంటారు. తొంభై రోజులుంటే బీర. నాలుగు నెలలుంటే ఆనప. నెలే ఉంటే తోటకూర మడి. దానికి అయిదు పటాలు తీస్తాం. మొలక, తీగ, పువ్వు, కాయ, ఎండు. మనిషి పోయాక ఆ అయిదూ ఇంటి గోడ మీద ఉంటాయి. మనుషుల ముఖాలు తీయం. పటాలు తీసే పని నాది. పద్నాలుగేళ్లుగా చేస్తున్నాను.

అసిరమ్మ మా అన్న భార్య. అన్న పోయి ఇరవై ఏళ్లయింది, పిల్లలు లేరు. ఒకే వసారాలో ఆవిడదొక పొయ్యి, నాదొక పొయ్యి.

విత్తనాల కొట్టు చూసే, వదినని అక్క వరసతో పిలిచే గౌరీసు సీసా వంచితే ఆరు గింజలు పడ్డాయి. సీసా మీద వదిన తల్లి పేరుంది. కూర్మమ్మ ఆనప.

"ఇయ్యే ఆఖరివి అప్పా. ముసిలి గింజలు. మొలకపోతే కూర్మమ్మ ఆనప అయిపోయినట్టే," అన్నాడు.

"నానూ ముసిల్దాన్నే. పొద్దున్నే లేవట్లేదేటి?"

కాయ ఎండితే, మనిషి పోయిన పదో రోజున ఆ గింజలు వీధిలోని పదకొండు ఇళ్లకీ పంచుతారు. అప్పటినుంచి ఆ రకం ఆవిడ పేరుతో ఉంటుంది. అసిరమ్మ ఆనప. ఇంటికి తిరిగి వస్తూ ఆ రెండు మాటలూ ఒకసారి పైకి అని చూసుకుంది. నేను విననట్టు నడిచాను.

పాదు పుస్తకంలో తేదీ, నీళ్లు, ఆకులు మాత్రమే రాయాలి. ఇది నా సొంత పుస్తకం.

రోజు 11

ఆరింట్లో రెండు మొలిచాయి. ఒకటి మెడ విరిగి పడిపోయింది. ఒకటి నిలబడింది. గింజ తొక్కని ఇంకా నెత్తి మీద మోస్తోంది. మొదటి పటం తీశాను.

రోజు 34

తెల్లారకముందే, రాత్రి మంచు పట్టడానికి కట్టిన తెరలు పిండాను. మా ఇంటి వంతుకి రెండు చెంబులు వచ్చాయి. ఒకటి పాదుకి. వదిన తీగని వల పందిరి మీదికి తనే ఎక్కించింది. పాతగుడ్డ పీలికలతో కణుపు కణుపుకీ ముడి వేస్తోంటే రెండుసార్లు పీలిక జారిపోయింది. నేను వేస్తానంటే ఒప్పుకోలేదు.

"నువ్వు పటం తియ్యి. ముళ్లెయ్యడం నీ పని కాదు."

పక్కింటి రమణమ్మ అంబలి గిన్నె పట్టుకుని వచ్చింది. రోజూ తెస్తుంది.

"తవిటయ్య బావా, తీగని తీసినట్టే నన్నూ ఓపాలి తియ్యరాదా? మా ఆయన సూసి మురుస్తాడు," అంది నవ్వుతూ.

"మీ ఆయన నిన్ను రోజూ సూసి మురవట్లేదేటి?" అంది వదిన.

"మురిసీ మురిసీ పొద్దుగూకీసరికే నిద్దరోతన్నాడు అప్పా."

ముఖాలు తీయకపోవడం రమణమ్మ వయసువాళ్లకి హాస్యమే. నాకు గుర్తుంది. నా చిన్నప్పుడు చచ్చిపోయినవాళ్లు పలకల్లో మాట్లాడేవారు. యంత్రం వాళ్ల ముఖాలు, గొంతులు కలిపి మాట్లాడించేది. మా నాన్న తన తల్లి పలకతో పొద్దస్తమానం మాట్లాడుతూ కూర్చుని రెండు పంటలు ఎండబెట్టాడు. మూడో ఏడు ఆ పలకే ఆయనకి పొలం దున్నొద్దని చెప్పింది. తర్వాత ఊళ్లన్నీ పలకలు తెచ్చి కుప్ప పోశాయి. మనిషి చేత్తో పెంచినదాన్నే పటం తీయాలనుకున్నాయి. ఆనపకాయ ఎవరికీ ఏమీ చెప్పదు.

ఎండ గంట కొట్టేసరికి, ఇంక బయట తిరగకూడదు గనక, తలుపులు వేసుకున్నాం.

రోజు 54

వారం నుంచి మగపూలు పూస్తున్నాయి. ఆనప పువ్వు సాయంత్రం విచ్చి తెల్లారేసరికి వాడిపోతుంది. మట్టి, వల, మా బట్టలు, అన్నీ ఒకే రంగులో ఉండే ఈ చోట అంత తెలుపు ఇంకెక్కడా కనపడదు.

మూడో పటం పువ్వు ఉన్నచోటే తీయాలి. తీశాను. తర్వాత నా కోసం ఒకటి తీసుకోవాలనిపించింది. తాలూకా భవనంలో ఏడాదికి పన్నెండు పటాలు గోడకి కడతారు. కిందటేడు నా ఎండు బీరకాయ పటం కట్టారు. దాని ముందు జనం ఆగి చూశారు. ఆ ఆగి చూడటానికి నేను రుచి మరిగాను.

విచ్చిన నాలుగు పూలు, రేపో ఎల్లుండో విచ్చే అయిదు మొగ్గలు కోశాను. కాడలు ఒకే కొలతకి తెంపి పాత చేటలో పరిచాను. కింద రాలిన వాడిన పువ్వొకటి తెచ్చి మధ్యలో పెట్టాను, చూసేవాళ్లకి చావు గుర్తు రావాలని. గోడకవతల వదిన దగ్గుతోంది. దగ్గు ఆగేదాకా చూసి, చెయ్యి కదలకుండా తీశాను.

చాలా బాగా వచ్చింది.

రోజు 55

పాదు పుస్తకంలో ఇవాళ ఇలా రాశాను: "సాయంత్రం ఆడ పువ్వు విచ్చింది. అదే పాదు మగపువ్వుతో కట్టాను."

అది అబద్ధం.

ఇక్కడ తేనెటీగలు లేవు. నేను పుట్టేనాటికే లేవు. మగపువ్వు కోసి, రేకులు వెనక్కి వంచి, ఆడ పువ్వు మధ్య పుప్పొడి రాసి, రేకులు మూసి దారం కట్టాలి. పువ్వు కట్టడం అంటాం. ఇవాళ సాయంత్రం పిందెతో మొదటి ఆడ పువ్వు విచ్చింది. నేను ఇంకో నాలుగు రోజులనుకున్నాను. పాదు మీద ఒక్క మగపువ్వు లేదు. చేటలో ఉన్నవి పొద్దున్నే పారబోశాను.

వదిన మంచం మీద నుంచి అడిగింది. "తవిటయ్యా, పువ్వు విచ్చిందంట గదా. రమణమ్మ సెప్పింది. కట్టినావా?"

"కడతన్నాను."

లేదు, మగపూలు నేనే కోసేశాను, ఇంకో ఆడ పువ్వు కోసం ఆగుదాం అనొచ్చు. ఏల కోసినావు అంటుంది. అందుకు జవాబు చెప్పాలి.

నీళ్ల తొట్టి దగ్గర కంచె మీద, వలకి అవతల, బుర్ర ఆనప ఉంటుంది. నీళ్లు మోసే బుర్రల కోసం పెంచుతాం. దాని కాయ విషమంత చేదు. రెండు పాదులూ అంత దగ్గర్లో ఉన్నా ఎవరికీ భయం లేదు. ఈగలు లేవు. కలపాలంటే మనిషే కలపాలి.

అక్కడినుంచి ఒక మగపువ్వు తెచ్చి కట్టాను.

"కట్టినాను," అన్నాను.

"దారం బిగించీకు. ఊపిరాడాల," అంది.

రోజు 61

పిందె నిలబడింది. అరచేతికి మించింది. గౌరీసు చూడటానికి వచ్చాడు. ఒక పాదుకి ఒకే కాయ అని మా దగ్గర నియమం. నీళ్లు అంతకే వస్తాయి. నిలిచిన కాయకి ఎర్రదారం కట్టి, మిగతా పిందెలు గిల్లి, తీగ కొసలు తుంచేస్తారు.

పాదు మీద ఇంకో రెండు ఆడ మొగ్గలున్నాయి. ఈ వారం మగపూలు కూడా మళ్లీ వచ్చాయి. ఇప్పుడు చెబితే ఈ కాయ తీసేసి మళ్లీ కట్టొచ్చు.

గౌరీసు పుస్తకం చూశాడు. "అదే పాదు మగపువ్వు. బాగుంది. ఒరే తవిటా, నీ రాత ముత్యాల్లాగుంటాది. నా రాత నాకే తెల్దు."

"ఆడి రాతే బాగుంటాది. ఆడి వంట తిని సూడు," అంది వదిన.

అతను నవ్వుతూనే మొదటి మొగ్గ గిల్లాడు. నేను గొంతు సవరించుకున్నాను. అతను నావైపు చూశాడు.

"ఏటి?"

"ఏటీ నేదు."

రెండోది కూడా గిల్లాడు.

రోజు 77

పదహారు రోజులుగా ఎండ గంట పొద్దున ఏడింటికే కొడుతోంది. పాదు పూత ఆపేసింది. కాయ మాత్రం నీళ్లన్నీ లాక్కుని పెరుగుతోంది. మోచేతి పొడుగుంది. ఇంక చెప్పినా సరిచేయడానికి ఏమీ లేదు. అది తెలిశాక నాకు ముందు కలిగింది ఊరట. ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా రాయను గనక రాస్తున్నాను.

నాలుగో పటం తీశాను. వదినని మంచంతో సహా పందిరి కిందికి మోసుకొచ్చాం. కాయ మీద నూగు చేత్తో తడిమింది.

"మా యమ్మ కాయే. మెడ సూడు, ఇలాగే సన్నంగుండీది."

నిజమే. ఈ ఏడు కాయ తల్లి పాదులాగే ఉంటుంది. రుచీ తేడా ఉండదు. చేదు గింజలోకి వెళ్తుంది. వచ్చే ఏడు ఇళ్లల్లో పళ్లాల్లోకి వస్తుంది.

రోజు 88

చేటలో పూల పటం తాలూకా గోడకి ఎంపికైందని కబురొచ్చింది. రమణమ్మ వీధంతా చెప్పింది. వదిన పటం చూపించమంది. పటాలు తీసే నా పలకలో లేదన్నాను. ఉంది.

రోజు 97

వదిన గింజల పంపకం చెబుతోంది, నన్ను రాయమంది.

"రమణమ్మకి పది. అంబలి తెస్తంది. ఎర్రన్నోలకి నాలుగు సాలు, ఆలకి పెంచడం సేతకాదు. సివరింటోలకి ఆరు. పోయినేడు నాతో తగువాడినారు, అయినా ఆరు."

రాశాను. పదకొండు ఇళ్లు.

తర్వాత గౌరీసు దగ్గరికి వెళ్లి ఊరికే అడిగినట్టు అడిగాను, చేదు కలిస్తే ఏమవుతుందని.

"పైమెట్టలో కలిసింది, మీ అన్న ఉన్నప్పుడు. ఒకింటోలు ముగ్గురు వండుకు తిని నెత్తురు కక్కినారు. ఒక ముసిలాయన పోనాడు. ఆ రకం గింజలన్నీ కాల్చీసి, సీసా మీద పేరు గోకీసినారు. ఏల?"

"ఊరికే."

"నువ్వు కట్టినప్పుడు ఇంక భయమేటి," అన్నాడు.

రోజు 104

చెప్పాను.

పొద్దున్నే, ఆవిడ ముఖం కడుక్కున్నాక. పూలు కోయడం, కంచె మీద పువ్వు, గౌరీసు ముందు నోరు మూసుకోవడం, అన్నీ. నేలకేసి చూస్తూ చెప్పాను. 

"ఎన్ని కోసినావు?"

"తొమ్మిది."

"ఏదీ, ఆ పటం."

పలక ఇచ్చాను. కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"మద్దెలో ఈ వాడిపోయిందేటి?"

నా ముఖం చూసింది. ఆవిడకి అర్థమైంది.

"బాగుంది," అని పలక తిరిగి ఇచ్చింది.

తిడుతుందనుకున్నాను. నీళ్లు అడిగి తాగింది. గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం రమణమ్మ వచ్చి గింజలు ఎప్పుడు నానబెట్టాలని అడిగితే "ఆశ్లేష కార్తెలో," అని మామూలుగానే చెప్పింది. ఆ అబద్ధం ఆవిడ చేత నేను చెప్పించాను. నలభై తొమ్మిది రోజులు మోసినదాన్ని తీసుకెళ్లి, పద్నాలుగు రోజులే ఉన్న మనిషి మంచం మీద పెట్టి వచ్చాను. చెప్పాక ఆ పూట నాకు ఆకలి వేసింది కూడా.

రోజు 111

ఆచారం ప్రకారం ఇవాళ వీధి ఆడవాళ్లు వచ్చారు. గడువు చివరి వారంలో వచ్చి, పాదు చూసి, పంపకం ఆ మనిషి నోట వినాలి. ఆ మాటకి తిరుగులేదు. గౌరీసు పాదు పుస్తకం పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాడు. వదినని దిండుకి ఆనించి కూర్చోబెట్టాను.

"పంపకం నేదు," అంది. "ఈ కాయ సేదు."

ఎవరికీ అర్థం కాలేదు.

"పువ్వు నానే కట్టినాను. తవిటయ్య ఇంట్లో లేడు. పొద్దుగూకినేళ కళ్లు ఆనక కంచె మీద బుర్ర ఆనప పువ్వు తెచ్చి కట్టీసినాను. తర్వాత తెలిసింది. పేరు పోద్దని సెప్పనేదు. ఆడు నా మాట నమ్మి పుస్తకంలో రాసినాడు."

చివరింటి పెద్దావిడ లేచి నిలబడింది. "మా పిల్లలకి పెట్టీవోలం గదే," అంది. గొంతు పెంచలేదు.

"పెట్టీవోరే," అంది వదిన.

రమణమ్మ నోరు తెరిచి నావైపు చూసింది. గౌరీసు కలం తీశాడు.

"నిజమేనేటి తవిటా? అప్ప సెప్పిందే నువ్వు రాసినావా?"

వదిన నన్ను కళ్లతో ఆపిందని రాయాలనుంది. ఆపలేదు. ఆవిడ చీర అంచు మీద పోగు లాక్కుంటోంది. నా వంతు అన్నట్టు ఊరికే కూర్చుంది.

"అవును," అన్నాను.

అందరూ వెళ్లాక అడిగాను, ఎందుకలా చెప్పావని.

"నా పేరు ఎలాగా పోద్ది. నీ సేతికింద ఇంకా నాలుగు పాదులున్నాయి. నువ్వు రాసింది నమ్మకపోతే ఆ నలుగురూ ఏటి సూసి సస్తారు?" దిండు మీదికి ఒరిగి, "నువ్వు కాదంటావనుకున్నాను," అంది.

రోజు 112

గౌరీసు మనుషులు వచ్చి పాదు పెరికి, కాయతో సహా తొట్టి అవతల కాల్చారు. పచ్చి తీగ కావడంతో పొగ చాలాసేపు వచ్చింది. అయిదో పటం ఉండదు. కొట్లో సీసా మీద కూర్మమ్మ పేరు గోకేశారు. కొత్త పేరు రాయాల్సిన పనిలేదు.

రమణమ్మ అంబలి తేలేదు.

రోజు 115

నాలుగు రోజులుగా మా గుమ్మం ఎవరూ తొక్కలేదు. చీటీ గడువు దగ్గరపడ్డ ఇంటికి ఇలా జరగడం నేను చూడలేదు. నేను వీధిలోకి వెళ్తే మాత్రం పలకరిస్తున్నారు. "నీకెంత కట్టమొచ్చింది తవిటా," అంటున్నారు.

వదినకి అంబలి నేనే కాచాను.

"ఉప్పు నేదు," అంది.

వేసి తెచ్చాను.

"ఇప్పుడెక్కువైంది," అని, తాగింది.

రోజు 116

పొద్దున పోయింది. యంత్రం చెప్పినదానికి రెండు రోజులు ముందు. మోయడానికి నలుగురు కావాలి. ముగ్గురు వచ్చారు, నాతో నలుగురు.

పోయిన మూడో రోజు

పాదు పుస్తకం సరిచేయమని గౌరీసు దగ్గరికి వెళ్లాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను విన్నాడు. పుస్తకం తీయలేదు.

"సచ్చిపోయిన మనిసి తన పాదు గురించి సెప్పిన మాట మీద ఇంకో మాట రాయం. నీకు తెల్దా?"

తెలుసు.

"తొమ్మిది పూలు నాను కోసినాను. పటముంది, సూడు."

"మగపూలు ఎవులైనా కోస్తారు. పకోడీలేసుకుంటారు." నా భుజం మీద చెయ్యి వేశాడు. "అప్పంటే నీకు పేణం. నాకు తెల్దేటి? ఆవిడ మీద మాట పడకుండా నీ మీదేసుకుంటన్నావు. ఎల్లు, ఎల్లి పడుకో."

పదో రోజు

గింజలు పంచాల్సిన రోజు. ఉట్టి చేతులతో పదకొండు ఇళ్లకీ వెళ్లాను. మొదటింట్లో తడబడ్డాను. అక్కడినుంచి ఒకే నాలుగు మాటలు చెప్పాను. పువ్వు మా వదిన కట్టలేదు, నేను కట్టాను. మగపూలు నా పటం కోసం కోశాను. చేదుదని తెలిసే కట్టాను. ఆవిడ నా కోసం అబద్ధమాడింది.

ఎర్రన్న విని కళ్లు తుడుచుకున్నాడు. ఇలాంటి మరిది ఎవరికుంటాడని లోపలున్న భార్యని పిలిచి చెప్పాడు. ఆరో ఇంట్లో మధ్యలోనే ఆపేసి, చనిపోయినదాన్ని క్షమించేశాం, ఇంక ఆ మాట ఎత్తొద్దన్నారు. తొమ్మిదో ఇంట్లో గట్టిగా అన్నాను, నేనే చేశాను అని. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నిద్ర లేనట్టుందన్నారు. చివరింటి పెద్దావిడయినా తిడుతుందనుకున్నాను. "ఆవిడ సేసింది తప్పే. నువ్వు మాత్రం మంచోడివి," అంది. పదకొండు ఇళ్లలోనూ నేను మంచివాణ్ణి. నా రాతకి, నా మాటకి ఇంత విలువ ఉందని నాకు తెలియదు. ఒక్క నిజానికి తప్ప అన్నిటికీ ఉంది.

రమణమ్మ ఇల్లు మా పక్కదే గనక ఆఖరికి పెట్టుకున్నాను. ఆవిడ రాయి మీద ఏదో నూరుతోంది. అంతా విన్నది. నూరడం ఆపలేదు.

"నాలుగు రోజులు నాను ఆ గుమ్మం తొక్కనేదు బావా," అంది. "పాపం, అంబలి కోసం సూసే ఉంటాది."

"ఆవిడ తప్పు నేదు రమణమ్మా. నాను సెప్పేది..."

"ఊరుకో బావా. నువ్వలాగన్న కొద్దీ నాకు దుక్కమొస్తంది." లేచి, చేతులు కడుక్కుని, గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. "పొద్దున్నించి తిరుగుతున్నావు. కూకో. ఓ ముంత తాగి ఎల్దువు."

ఎండ గంట కొడుతోంది. మా ఇల్లు పది అడుగుల దూరం.

కూర్చున్నాను. తాగాను.